టైటిల్ దక్కని బాక్సర్లలో ఎవరిని ముందు పెట్టాలి?

ప్రపంచ టైటిల్ గెలవని బాక్సర్లలో అందరికన్నా గొప్పవాడెవడు అని అడిగితే, అందులో ఒకటి కాదు రెండు ప్రశ్నలున్నాయి. టైటిల్ కోసం కొట్లాడే అవకాశమే దక్కనివాడు ఒకడు. అవకాశం వచ్చి, రింగులోకి దిగి, ఓడిపోయినవాడు ఇంకొకడు. ఈ ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి పోలుస్తారు కాబట్టే వాదన తెల్లారేదాకా సాగినా ఎటూ తేలదు.

మా పాలకొల్లు వైపు టీ కొట్టు దగ్గర ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లకు కాపలా కాస్తూ ఫోన్లో పాత ఫైట్లు చూసే రైతు ఒకాయన ఎర్నీ షేవర్స్ పేరు తప్ప ఇంకోటి ఎత్తడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు పీటర్ జాక్సన్ దగ్గర నుంచి కదలరు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లకు హెరాల్ గ్రాహం అంటే పిచ్చి. నాది శామ్ లాంగ్‌ఫోర్డ్ పక్షం. అలాగని మిగతావాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. ఎవరి కొలబద్ద వాళ్లది. ఏ కొలబద్ద పట్టుకుంటే ఎవరు పైకొస్తారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు కాలం సంగతి చూడాలి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం బాక్సింగ్‌లో ప్రధానంగా ఎనిమిది బరువు తరగతులుండేవి. వాటిలో లైట్‌వెయిట్ మీద వెల్టర్, ఆపైన మిడిల్, లైట్ హెవీ, అన్నిటికన్నా పైన హెవీవెయిట్. తరగతికి ఒక ఛాంపియన్. అంటే ప్రపంచం మొత్తానికి ఎనిమిది కుర్చీలు. ఇప్పుడు పదిహేడు తరగతులు, ఒక్కో తరగతిలో నాలుగు పెద్ద సంస్థల బెల్టులు. డబ్ల్యూబీసీ 1963లో, ఐబీఎఫ్ 1983లో, డబ్ల్యూబీఓ 1988లో వచ్చాయి. డబ్ల్యూబీఏ అంతకు ముందే ఉంది. కాబట్టి 1915లో టైటిల్ లేకపోవడం వేరు, 1995లో లేకపోవడం వేరు. ఈ రోజుల్లో మంచి బాక్సర్ పదేళ్లు ఆడీ ఒక్క బెల్టూ తేలేదంటే, తప్పు అతనిలో ఎక్కడుందో వెతకాలి. 1915 నాటివాడి విషయంలో వెతకాల్సింది ఛాంపియన్‌లో, వాడి మేనేజర్‌లో.

అమెచ్యూర్ల గొడవ కూడా ఇక్కడే తేల్చేస్తాను. క్యూబా వీరుడు తియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరసగా మూడు హెవీవెయిట్ స్వర్ణాలు కొట్టాడు. ప్రొఫెషనల్‌గా మారితే లక్షల డాలర్లు ఇస్తామన్నా కదల్లేదు. అతను గొప్పవాడే. కానీ అతను గెలిచినవి అమెచ్యూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, ప్రొఫెషనల్‌గా ఆడనే లేదు కాబట్టి ఈ జాబితాలోకి రాడు. గోదారి ఎగువన నిజామాబాద్ నుంచి వచ్చిన మన నిఖత్ జరీన్ 2022లో, 2023లో గెలిచినవీ ఆ కోవలోవే. ఇక్కడ మాట్లాడేది ప్రొఫెషనల్ బెల్టుల గురించి మాత్రమే. కొట్టు దగ్గర ఈ ముక్క ముందే చెప్పకపోతే అరగంట దీనికే పోతుంది.

అవకాశం దక్కనివాళ్లు

వీళ్లలో మొదట నల్లజాతి బాక్సర్ లాంగ్‌ఫోర్డ్. కెనడాలో నోవా స్కోషియాలోని వేమౌత్ ఫాల్స్‌లో పుట్టాడు, బాస్టన్ చేరి బాక్సర్ అయ్యాడు. ఎత్తు దాదాపు ఐదడుగుల ఏడంగుళాలు. అంత ఎత్తువాడు ఎవరెవరితో కొట్లాడాడో చూడండి. 1903 డిసెంబరులో లైట్‌వెయిట్ ఛాంపియన్ జో గాన్స్‌ను పదిహేను రౌండ్లలో ఓడించాడు. గాన్స్ అంటే ఆ బరువులో చరిత్రలోనే మొదటి వరుసలో లెక్కపెట్టే మనిషి. కానీ లాంగ్‌ఫోర్డ్ బరువు లైట్‌వెయిట్ హద్దు దాటింది కాబట్టి టైటిల్ పందెంలో లేదు. మరుసటి ఏడాది వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ బార్బడోస్ జో వాల్కాట్‌తో పదిహేను రౌండ్లు కొట్లాడితే డ్రా అన్నారు. డ్రా అయితే బెల్టు ఛాంపియన్ దగ్గరే ఉండిపోతుంది. చూసినవాళ్లలో చాలామంది లాంగ్‌ఫోర్డే గెలిచాడన్నారు. “అతనికి ఒక్క ఛాన్సూ రాలేదు” అని వాదించేవాళ్లు ఈ బౌట్ మర్చిపోతుంటారు. మనం మర్చిపోకూడదు, ఎదుటివాడు దీంతోనే పట్టేస్తాడు.

1906 ఏప్రిల్‌లో జాక్ జాన్సన్‌తో తలపడ్డాడు. జాన్సన్ అప్పటికి ఛాంపియన్ కాదు, పెద్ద హెవీవెయిట్. ఇద్దరి మధ్య పది కిలోలకు పైగా తేడా. జాన్సన్ పదిహేను రౌండ్లలో స్పష్టంగానే గెలిచాడు, అందులో దాచేదేం లేదు. 1908 డిసెంబరులో సిడ్నీలో టామీ బర్న్స్‌ను కొట్టి జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1915లో హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో ఓడేదాకా బెల్టు అతనిదే. ఆ ఆరేళ్లలో లాంగ్‌ఫోర్డ్ ఎంత వెంటపడ్డా బౌట్ ఇవ్వలేదు. నల్లజాతి ఛాలెంజర్‌కు అతను అవకాశమిచ్చింది ఒక్కసారే. అది 1913 చివర్లో పారిస్‌లో బ్యాట్లింగ్ జిమ్ జాన్సన్‌కు, అదీ డ్రా అయింది. ఇద్దరు నల్లవాళ్లు కొట్టుకుంటే టికెట్లు తెగవనేది అప్పటి వ్యాపార లెక్క. తెల్లవాళ్ల అడ్డుగోడను బద్దలు కొట్టినవాడే తన వెనకాల వచ్చేవాళ్లకు తలుపేశాడు. నాకు జాన్సన్ అంటే ఎంత గౌరవమున్నా ఈ ఒక్కటి మింగుడు పడదు.

అసలు లాంగ్‌ఫోర్డ్ గొప్పతనం ఆ తర్వాత కనిపిస్తుంది. 1917లో ఫ్రెడ్ ఫుల్టన్‌తో కొట్లాటలో ఒక కన్ను పోయింది. రెండోదీ క్రమంగా మసకబారింది. అలాంటి చూపుతో 1922లో అట్లాంటాలో టైగర్ ఫ్లవర్స్‌ను రెండో రౌండ్లో నాకౌట్ చేశాడు. ఆ ఫ్లవర్సే 1926లో ప్రపంచ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1923లో లాంగ్‌ఫోర్డ్ మెక్సికో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. అప్పటికి ఎదుటివాడు అతనికి నీడలా కనిపించేవాడంతే. హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీ తర్వాతి రోజుల్లో తన ఆత్మకథలో, తాను కొట్లాడటానికి భయపడిన మనిషి ఒకడున్నాడని ఇతని పేరే రాసుకున్నాడు. 1944లో న్యూయార్క్ పాత్రికేయుడు అల్ లేనీ వెతుక్కుంటూ వెళ్తే, హార్లెంలో ఒక గదిలో పూర్తిగా గుడ్డివాడై, చేతిలో పైసా లేకుండా ఉన్నాడు. ఆ వ్యాసం చదివి జనం చందాలు వేసి నిధి పెట్టారు. 1956లో పోయాడు.

లాంగ్‌ఫోర్డ్‌కు ఎదురు నిలబెట్టదగిన పేరు హ్యారీ విల్స్. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి మనిషి, ఆరడుగుల పైన రెండంగుళాలు, నిండు హెవీవెయిట్. డెంప్సీ 1919లో ఛాంపియన్ అయిన దగ్గర నుంచి 1926లో జీన్ టన్నీ చేతిలో ఓడేదాకా విల్స్ ముందు వరుసలో నిలబడే ఉన్నాడు. న్యూయార్క్ కమిషన్ డెంప్సీని విల్స్‌తోనే ఆడమంది. 1925లో కాంట్రాక్టు దాకా వెళ్లింది, డబ్బు రాలేదు, బౌట్ జరగలేదు. 1910లో జాన్సన్ తెల్లజాతి మాజీ ఛాంపియన్ జెఫ్రీస్‌ను ఓడించినప్పుడు అమెరికా ఊళ్లలో అల్లర్లు చెలరేగాయి. ఆ భయం ప్రమోటర్ టెక్స్ రికర్డ్‌కు, అతని వెనకున్న పెద్దలకు పదిహేనేళ్ల తర్వాతా పోలేదు. అలా చూస్తే “అన్యాయం ఎవరికి ఎక్కువ జరిగింది” అనే కొలబద్ద మీద విల్స్ లాంగ్‌ఫోర్డ్‌ను దాటతాడు. ఒక్క తరగతిలో, ఒక్క ఛాంపియన్ ముందు, ఏడేళ్లు వాకిట్లో నిలబెట్టారు.

మరి వాళ్లిద్దరూ కొట్లాడలేదా అంటే, పదిహేనుసార్లకు పైగానే కొట్లాడారు. నల్లజాతి బాక్సర్లకు పెద్ద బౌట్లు దొరక్క ఒకళ్లతో ఒకళ్లే మళ్లీ మళ్లీ ఆడి పొట్ట పోసుకునేవాళ్లు. ఎక్కువసార్లు గెలిచింది విల్సే. ఇది చూపించి లాంగ్‌ఫోర్డ్‌ను కిందకు దించేవాళ్లున్నారు. కానీ విల్స్ వయసులో చిన్నవాడు, ఒడ్డూ పొడుగూ ఎక్కువ. అయినా 1914లో పద్నాలుగో రౌండ్లో, 1916లో పంతొమ్మిదో రౌండ్లో లాంగ్‌ఫోర్డ్ అతన్ని నాకౌట్ చేశాడు. ఒక మిడిల్‌వెయిట్ ఒళ్లున్న మనిషి అంతటి హెవీవెయిట్‌ను పంతొమ్మిదో రౌండ్లో పడగొట్టాడంటే నాకు ఆ మొత్తం లెక్కతో పని లేదు.

చార్లీ బర్లీ కథ ఇంకో రకం. పిట్స్‌బర్గ్ కుర్రాడు. వెల్టర్, మిడిల్‌వెయిట్ సైజు. 1936లో హిట్లర్ బెర్లిన్ ఒలింపిక్స్ దారి పట్టకుండా, దానికి పోటీగా బార్సిలోనాలో పెట్టిన ప్రజా ఒలింపిక్స్‌కు వెళ్లాడు. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై అవి జరగనే లేదు. ప్రొఫెషనల్ అయ్యాక ఫ్రిట్జీ జివిక్‌ను మూడింట రెండుసార్లు ఓడించాడు. 1940లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను కొట్టి వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యింది జివిక్. ఓడించినవాడు బయట, ఓడినవాడు గద్దె మీద. పైగా బర్లీతో మళ్లీ ఆడే బెడద లేకుండా జివిక్ వర్గమే అతని కాంట్రాక్టు కొనేసుకుందని బాక్సింగ్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి బరులు ఎరిగినవాళ్లకు ఇందులో వింతేం ఉండదు. ఒక పుంజుకు పేరు పడిపోయాక దాని మీదికి తన పుంజును వదలడానికి ఎవడూ ముందుకు రాడు. పండగ మూడు రోజులూ అది చంకలోనే ఉండిపోతుంది. గెలిచిన పందేల లెక్కలో దానికి సున్నా.

1944 ఏప్రిల్ 21న హాలీవుడ్‌లో బర్లీ ఆర్చీ మూర్‌ను పదేపదే నేలకు దించి పది రౌండ్లలో గెలిచాడు. మూర్ 1952లో లైట్ హెవీవెయిట్ ఛాంపియనై దాదాపు పదేళ్లు ఆ బెల్టు వదల్లేదు. రాకీ మార్సియానోతో, చివర్లో కుర్ర కాసియస్ క్లేతో (తర్వాతి మహమ్మద్ అలీ) కూడా ఆడినవాడు. అంతమందిని చూసిన మూర్, తాను తలపడినవాళ్లలో మేటి బర్లీయే అన్నాడు. నా దృష్టిలో ఏ బెల్టుకైనా ఈ మాట సరితూగుతుంది. బర్లీకీ ఓటములున్నాయి. 1942లో ఎజార్డ్ చార్లెస్ చేతిలో రెండుసార్లు ఓడాడు. కానీ వందకు దగ్గర బౌట్లలో ఒక్కరూ అతన్ని మధ్యలో ఆపలేకపోయారు. రింగు వదిలాక పిట్స్‌బర్గ్‌లో చెత్త బండి మీద పనిచేశాడు. 1992లో చనిపోయాడు.

బర్లీతో వచ్చే చిక్కు ఒకటే. చూపించడానికి ఫిల్మ్ లేదు. 1946లో ఓక్లండ్ బిల్లీ స్మిత్‌తో ఆడిన ఒక్క బౌటే మిగిలింది. “చూపించండి బాబాయ్, మాటలెందుకు” అనే కుర్రాళ్ల ముందు ఇది ఇబ్బందే. అదే కాలంలో అదే గతి పట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. హోల్మన్ విలియమ్స్, కోకో కిడ్, లాయిడ్ మార్షల్, ఎడ్డీ బుకర్. ఛాంపియన్లు తప్పించుకు తిరిగిన ఈ నల్లజాతి బాక్సర్ల గుంపును కలిపి “మర్డరర్స్ రో” అన్నారు. క్లీవ్‌ల్యాండ్ జిమ్మీ బివిన్స్ అయితే ఎజార్డ్ చార్లెస్, ఆర్చీ మూర్, జోయీ మాక్సిమ్‌లతో సహా ఎనిమిది మంది ప్రపంచ ఛాంపియన్లను ఓడించాడు. యుద్ధకాలంలో ఛాంపియన్లు సైన్యంలో ఉన్నప్పుడు తాత్కాలిక ఛాంపియన్‌గా పిలిచారు కూడా. వాళ్లు తిరిగొచ్చాక టైటిల్ బౌట్ మాత్రం ఇవ్వలేదు. ఓడించిన ఛాంపియన్ల తలలు లెక్కపెట్టే మనిషైతే మీరు ఓటు వేయాల్సింది బివిన్స్‌కే.

ఇక మాస్టారి పీటర్ జాక్సన్. కరీబియన్‌లో డేనిష్ ఏలుబడిలోని సెయింట్ క్రోయ్ దీవిలో పుట్టి, ఆస్ట్రేలియా చేరి, అక్కడ బాక్సర్ అయ్యాడు. నాటి ఛాంపియన్ జాన్ ఎల్. సలివన్ నల్లవాడితో ఆడనని బాహాటంగానే చెప్పేశాడు. 1891 మే 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్సన్ జేమ్స్ కార్బెట్‌తో అరవై ఒక్క రౌండ్లు ఆడాడు. నాలుగు గంటల తర్వాత ఇద్దరికీ చెయ్యి లేవక రిఫరీ ఆపేశాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కార్బెట్ సలివన్‌ను నాకౌట్ చేసి ఛాంపియన్ అయ్యాడు. అయ్యాక జాక్సన్‌కు బౌట్ ఇవ్వలేదు. “ఛాంపియన్ కాబోయేవాడితో సమానంగా నిలిచినవాడండీ, ఇంకేం కావాలి?” అంటారు మాస్టారు. ఆయనతో వాదించడం కష్టం. ఆయ్, పెద్దాయన అని కాదు, మాటలో బలముంది. నా అభ్యంతరం ఒక్కటే. జాక్సన్ పెద్ద గెలుపుల జాబితా పొట్టిది. 1892లో లండన్‌లో ఫ్రాంక్ స్లావిన్‌ను పదో రౌండ్లో ఆపడం తర్వాత చెప్పుకోదగ్గది తక్కువ. క్షయతో 1901లో క్వీన్స్‌ల్యాండ్‌లోని రోమా ఊళ్లో పోయాడు.

అవకాశం వచ్చినా ఓడినవాళ్లు

ఈ రెండో వరుసలో కుర్రాళ్ల ఎంపికే నా ఎంపిక. షెఫీల్డ్‌కు చెందిన హెరాల్ గ్రాహం ఎడమచేతివాటం బాక్సర్. రక్షణే అతని కళ. కోచ్ బ్రెండన్ ఇంగిల్ అతన్ని క్లబ్బులకు తీసుకెళ్లి, చేతులు వెనక పెట్టించి, దమ్ముంటే కొట్టమని తాగినవాళ్లతో పందెం కాసేవాడని చెబుతారు. 1989 మేలో డబ్ల్యూబీఏ మిడిల్‌వెయిట్ టైటిల్ కోసం మైక్ మెకల్లమ్‌తో ఆడి, జడ్జీలు రెండుగా చీలిన తీర్పులో ఓడాడు. అందులో అతనికి ఒక పాయింటు కోత కూడా పడింది. 1990 నవంబరులో స్పెయిన్‌లోని బెనల్మదేనాలో డబ్ల్యూబీసీ టైటిల్ బౌట్. ఎదుట జూలియన్ జాక్సన్. మూడు రౌండ్లు గ్రాహం ఆడించాడు. జాక్సన్ కన్ను వాచి మూసుకుపోతోంది, ఇంకొక్క రౌండ్ చూసి ఆపేసే పరిస్థితి. నాలుగో రౌండ్లో గ్రాహం ముగించేద్దామని మీదికెళ్లాడు. ఒక్క కుడిచేతి దెబ్బ. కింద పడేలోపే స్పృహ లేదు. 1998లో చార్ల్స్ బ్రూవర్‌తో మూడో ప్రయత్నమూ పదో రౌండ్లో పోయింది. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లినవాడు అంటే ఇతనే. బెల్టులు మూడు నాలుగున్న కాలంలో కూడా ఒక్కటీ దక్కలేదు కాబట్టి లాంగ్‌ఫోర్డ్ పక్కన నిలబెట్టను. అయితే ఫోన్లో చూసి మెచ్చుకోవడానికి ఇతన్ని మించినవాడు ఈ మొత్తం జాబితాలో లేడు.

జెర్రీ క్వారీ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను, రాన్ లైల్‌ను ఓడించాడు, షేవర్స్‌ను 1973లో తొలి రౌండ్లోనే ఆపాడు. కానీ 1968లో జిమ్మీ ఎల్లిస్‌తో, 1969లో జో ఫ్రేజియర్‌తో టైటిల్ బౌట్లు వచ్చినప్పుడు రెండూ ఓడిపోయాడు. ఆ ఎల్లిస్ మనవాళ్లు చూసిన మనిషే. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి ఎగ్జిబిషన్ ఆడింది అతనితోనే. క్వారీ చివరికి తలకు తగిలిన దెబ్బల వల్ల మతి దెబ్బతిని 1999లో, యాభై మూడేళ్లకే పోయాడు. జార్జ్ చువాలోను ప్రొఫెషనల్ జీవితంలో ఎవరూ నేలకు దించలేకపోయారు. అలీతో 1966లో టొరంటోలో పదిహేను రౌండ్లూ నిలబడ్డాడు. ఓర్పుకు మొక్కాలి. గొప్పతనం మాత్రం వేరే.

షేవర్స్ దగ్గరకొస్తే, మా రొయ్యల రైతుకు కోపం వచ్చినా చెప్పాలి. డెబ్భైకి అటూ ఇటుగా నాకౌట్లు. 1977లో అలీని పదిహేను రౌండ్లు వణికించాడు. 1979లో ఏడో రౌండ్లో ల్యారీ హోమ్స్‌ను ఒకే గుద్దుతో పడేశాడు. హోమ్స్ లేచి పదకొండో రౌండ్లో ముగించాడు. “ఆ దెబ్బకు లేచాడంటే హోమ్స్ గొప్పోడు గానీ మనోడు తక్కువోడెలా అవుతాడు?” అంటాడు రైతు. నిజమే. కానీ గుద్దు బలం ఒక గుణం. బాక్సర్‌ను తూచాలంటే మిగతావన్నీ కూడా తక్కెడలో పెట్టాలి. ఎవరి దెబ్బకు ఎక్కువ భయపడాలి అన్నది మీ ప్రశ్నయితే మాత్రం షేవర్స్‌ను దాటి వెళ్లక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు

ఒక్కరి పేరే చెప్పమంటే లాంగ్‌ఫోర్డ్. లైట్‌వెయిట్ ఛాంపియన్ నుంచి నిండు హెవీవెయిట్ల దాకా గెలిచిన మనిషి ఈ జాబితాలో ఇంకొకడు లేడు. బరువులు పక్కన పెట్టి రింగు తెలివి మాత్రమే చూస్తే బర్లీ. అన్యాయం కొలవాలంటే విల్స్. ఓడించిన ఛాంపియన్ల లెక్క కావాలంటే బివిన్స్. మీ ఇంట్లో పిల్లాడికి కాళ్లు ఎలా కదపాలో, తల ఎలా తప్పించాలో చూపించాలంటే గ్రాహం వీడియోలు పెట్టండి, జూలియన్ జాక్సన్‌తో బౌట్ నాలుగో రౌండ్ కూడా చూడనివ్వండి. ముందున్నప్పుడు తొందరపడితే ఏమవుతుందో కోచ్ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. లాంగ్‌ఫోర్డ్ పాత ఫిల్ముల ముక్కలు కొన్ని దొరుకుతాయి గానీ, ఆ కాలపు కెమెరా వేగం వల్ల మనుషులు గబగబా కదిలినట్టు ఉంటుంది. వేగం తగ్గించి చూస్తే గుద్దు ఎంత దగ్గర నుంచి వేస్తున్నాడో తెలుస్తుంది.

గెలుపోటముల సంఖ్యలు తీసి వాదించేవాళ్లతో మాత్రం జాగ్రత్త. లాంగ్‌ఫోర్డ్ రోజుల్లో అమెరికాలో చాలాచోట్ల తీర్పు ప్రకటించడమే చట్టవిరుద్ధం. ఇద్దరూ చివరిదాకా నిలబడితే అధికారికంగా ఎవరూ గెలవనట్టే. మర్నాడు పేపరులో విలేకరి ఎవరి పేరు రాస్తే జనానికి వాడే విజేత, ఊళ్లోని రెండు పేపర్లు రెండు పేర్లు రాయొచ్చు కూడా. 1910లో ఫిలడెల్ఫియాలో లాంగ్‌ఫోర్డ్ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ స్టాన్లీ కెచెల్‌తో ఆడిన ఆరు రౌండ్లు అలాంటివే. అందుకే అతని రికార్డు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. ఎవరైనా ఓటముల సంఖ్య చూపించి దబాయిస్తే, అందులో పేపరు తీర్పులు ఎన్ని, కన్ను పోయాక ఆడినవి ఎన్ని అని అడగండి.